కాలవ నిండా నీళ్ళు, చేలో నెర్రెలు

అందరికీ నమస్కారమండి. మైకు కీచుమంటోంది, వెనకాలవాళ్ళకి వినపడుతోందా? ఆ, సరే. నన్ను పిలిచినవాళ్ళు ఏం చెప్పారంటే, మాస్టారూ, మనం తిన్న తిండి ఒంట్లో ఎటు పోద్ది, ఎవరు పంచుతారు, అందరికీ అర్థమయ్యేలా చెప్పండి, బొమ్మలూ స్లైడ్లూ పెట్టి నిద్రపుచ్చొద్దు అన్నారు. ముప్పై ఏళ్ళు కాలేజీలో ఇదే పాఠం చెప్పి చాలామందిని నిద్రపుచ్చినవాణ్ణే నేను, అందుకని ఇవాళ పుస్తకం తేలేదు. మా నాన్న కథతో మొదలెడతాను.

మా నాన్న కాలవ మీద లస్కరు. లాకుల పక్కన చిన్న ఇల్లు, ఇంటి ముందు కాలవ, ఆయన పనల్లా గేజి చూసి రాసుకోవడం, ఆఫీసు నుంచి కబురొస్తే షట్టరు ఇన్ని అంగుళాలు లేపడం, ఇన్ని అంగుళాలు దించడం. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేశాడని మీ అందరికీ తెలుసు, బొమ్మకి దండలు కూడా వేస్తాం, కానీ ఆనకట్ట ఒక్కటే కడితే పది లక్షల ఎకరాలు తడవవండి. దాని కింద కాలవలు, వాటికి పిల్లకాలవలు, వాటికి తూములు, ఒక్కో తూము దగ్గర ఎప్పుడు తియ్యాలో ఎప్పుడు మూయాలో తెలిసిన మనిషి, ఇదంతా ఉంటేనే డెల్టా.

దాళవా రోజుల్లో, అంటే రెండో పంటప్పుడు, వంతులు పెట్టినప్పుడు శివారు రైతులు అర్ధరాత్రి టార్చిలైట్లు పట్టుకుని మా ఇంటికొచ్చేసేవారు. కాలవ నిండా నీళ్ళు పోతన్నాయి, మా చేలో నెర్రెలు విచ్చాయి, ఇదేం న్యాయం అని. మా నాన్న బీడీ ఆర్పేసి ఒకటే మాట అనేవాడు: కాలవలో నీళ్ళు కాలవ్వేరా, తూము దాటి నీ మడిలో పడ్డయ్యే నీయి. నాకప్పుడు పదేళ్ళు, ఆ మాట అర్థం కాలేదు. తర్వాత ఎమ్మెస్సీలో షుగర్ జబ్బు పాఠం చదూతుంటే గుర్తొచ్చింది, ఇదేగా నాన్న చెప్పింది అని.

సరే ఇప్పుడు ఒంట్లోకి వద్దాం. మన ఒంట్లో కణం ప్రతిదానికీ చుట్టూ ఒక గట్టు ఉంటదండి, పొర అంటాం, అది కొవ్వుతో చేసింది. గ్లూకోజు నీళ్ళలో కరిగే సరుకు, కొవ్వు గట్టు దాటలేదు, సోడియం, పొటాషియం అంతకన్నా దాటలేవు. అంటే కణం గట్టు వేసిన మడి లాంటిది, ఇలాంటి సరుకు ఏది లోపలికి రావాలన్నా తూములోంచే రావాలి. ఆ తూములు ప్రోటీన్లు, ఒక్కో సరుక్కి ఒక్కో తూము. నా మాట మొత్తం ఇవాళ ఇదే, ఒంట్లో సరుకు ఎంత ఉందన్నది తర్వాత, తూము ఎవడి చేతిలో ఉంది, వాడికి కబురు ఎక్కణ్ణుంచి వస్తోంది, అది ముందు.

ఒక లెక్క చెప్తాను, నమ్మరు. ఐదు లీటర్ల రక్తంలో మామూలు మనిషికి ఎంత గ్లూకోజు ఉంటదండి? ఎవరైనా చెప్పండి. ఆ వెనకాల ఎవరో పావుకిలో అంటున్నారు. (నవ్వులు) ఐదు గ్రాములు. ఒక టీ స్పూను పంచదార, అంతే. మరి మెదడొక్కటే రోజుకి సుమారు నూట ఇరవై గ్రాములు వాడేసుకుంటది. మనమేమో సంక్రాంతికి అల్లుడి ముందు పెట్టే ఆకులో తాపేశ్వరం కాజాలు, ఆత్రేయపురం పూతరేకులు, పైన గారెలు, అన్నం, అవన్నీ రెండు మూడు గంటల్లో ఇదే రక్తంలోకి దిగుతాయి. స్పూను పట్టే చోట గంగాళం పోసినట్టు. అయినా ఆరోగ్యంగా ఉన్నవాడికి రక్తంలో లెవెలు పెద్దగా పెరగదు, కాసేపటికి మళ్ళీ యథాస్థానానికి వచ్చేస్తది. మా నాన్న కాలవ గేజి కూడా అంత నిలకడగా ఎప్పుడూ లేదు.

ఇంతకీ ఈ గేజి చూసేవాడెవడు? క్లోమంలో బీటా కణాలని ఉంటాయండి, అసలు లస్కర్లు అవి. వాటి తూములు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటాయి, బయట ఎంత గ్లూకోజు ఉంటే లోపలా అంత. లోపలికి వచ్చినదాన్ని కణం కాల్చేస్తది, కాలిస్తే ఏటీపీ తయారవుతది, కణం పనులన్నిటికీ శక్తినిచ్చే సరుకు అది. ఏటీపీ పెరిగిందంటే బయట గ్లూకోజు పెరిగినట్టే కదా, ఆ పెరిగిన ఏటీపీ వెళ్ళి పొటాషియం బయటకి పోయే ఒక తూముని మూసేస్తది, అది మూసుకోగానే కణం గట్టు మీద కరెంటు మారుతది, కరెంటు మారగానే కాల్షియం తూము తెరుచుకుంటది, కాల్షియం లోపలికి రాగానే సంచుల్లో దాచిన ఇన్సులిన్ బయటకి కక్కేస్తది. చూశారా, ఒక తూము మూస్తే ఇంకోటి తెరుచుకుంటది, లాకుల్లో పడవ దిగేటప్పుడు ఒక తలుపు మూశాక ఇంకో తలుపు తెరిచినట్టే.

ఏటీపీ అన్నాను కదా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలండి, భీమవరంలో నిలబడి ఆ మాట అని ముందుకెళ్ళిపోతే పాపం చుట్టుకుంటది. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టింది ఈ ఊళ్ళోనే. అమెరికా వెళ్ళి హార్వర్డులో ఫిస్కే అనే ఆయన దగ్గర పనిచేస్తూ, 1925లో రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ఒకటి ఇద్దరూ కలిసి కనిపెట్టారు, ఇప్పటికీ బయోకెమిస్ట్రీ పిల్లలు ల్యాబులో ఫిస్కే సుబ్బారావు పద్ధతి అని నీలం రంగు తెప్పిస్తారు, అందులో సుబ్బారావంటే మన భీమవరపాయనే అని సగంమందికి తెలీదు. ఆ కొలిచే పద్ధతి చేతిలో ఉంది కాబట్టే 1927లో కండలో శక్తి దాచుకునే ఫాస్ఫోక్రియాటిన్ అనే సరుకు దొరికింది, 1929లో ఏటీపీ దొరికింది. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా ఏటీపీ పట్టుకున్నాడు, అది కూడా చెప్పాలి, మనవాడని ఉన్నదాన్ని దాచకూడదు. తర్వాత లెడర్లే కంపెనీలో ఫోలిక్ యాసిడ్, ఇంకా చాలా, అది వేరే ఉపన్యాసం. 1948లో పోయారు, యాభై నాలుగు కూడా నిండలేదు.

ఏటీపీ ఒంట్లో ఏ నిమిషాన చూసినా వంద గ్రాముల లోపే ఉంటది. కానీ రోజు మొత్తంలో అది ఖర్చయి మళ్ళీ తయారయి, మళ్ళీ ఖర్చయి, ఆ తిరగడం అంతా కూడితే మన ఒంటి బరువంత అవుద్దని లెక్క. జీతగాడి జేబులో నూట్రూపాయల నోటు ఒక్కటే ఉండి, అదే రోజూ వందలసార్లు చేతులు మారినట్టు. అందుకే కణం సరుకు నిల్వ ఎంతుందో చూడదు, ఏటీపీ ఎంత, దాంట్లోంచి ఖర్చయిపోయిన ఏఎమ్‌పీ ఎంత అన్నదే చూస్తది. ఏఎమ్‌పీ పెరిగితే గ్లూకోజు కాల్చే పొయ్యి మంట పెంచు, ఏటీపీ పెరిగితే తగ్గించు. కొట్లో బియ్యం బస్తాలు ఎన్నున్నాయో మావాళ్ళు ఏనాడూ లెక్కెట్టలేదండి, డబ్బాలో గిన్నె అడుక్కి తగిలి చప్పుడైతే బస్తా విప్పేవారు, అదీ పద్ధతి.

ఇప్పుడు ఇన్సులిన్ దగ్గరికి. రక్తంలోకి వెళ్ళిన ఇన్సులిన్ కండల దగ్గరికీ కొవ్వు దగ్గరికీ వెళ్ళి తలుపు కొడుతుంది. కండ కణంలో గ్లూట్-4 అనే తూములు ఉంటాయి, కానీ అవి గట్టు మీద ఉండవు, లోపల సంచుల్లో మడిచి పెట్టి ఉంటాయి. ఇన్సులిన్ కబురు అందగానే ఆ సంచులు గట్టు దగ్గరికి వచ్చి అతుక్కుంటాయి, తూములు తెరుచుకుంటాయి, గ్లూకోజు లోపలికి పోతది. కబురు ఆగిపోతే మళ్ళీ లోపలికి లాగేసుకుంటది.

మన పక్క ఊళ్ళన్నిట్లో ఎక్కువ కనిపించే రెండో రకం షుగర్ జబ్బులో ఏమవుతదంటే, ఇన్సులిన్ తలుపు కొడుతూనే ఉంటది, లోపలివాడికి చెవుడు. తూములు గట్టు మీదకి రావు. రక్తం నిండా గ్లూకోజు, కణం మాత్రం ఆకలి. మనిషి తింటాడు, నీరసం అంటాడు, మళ్ళీ తింటాడు. కాలవ నిండా నీళ్ళు, చేలో నెర్రెలు. నేను చెప్పే ఈ పోలిక పుస్తకాల్లో లేదండి, మా ఇంటి అరుగు మీదది.

ఇంకో సంగతి, నాకు చాలా ఇష్టమైంది. కండకి ఒక దొడ్డి తూము ఉంది. నడిస్తే, బరువు ఎత్తితే, కండ ముడుచుకున్నప్పుడల్లా లోపల కాల్షియం, ఏఎమ్‌పీ పెరిగి ఆ గ్లూట్-4 సంచుల్ని ఇన్సులిన్ తో పని లేకుండానే గట్టు మీదకి తోస్తాయి. చెవుడొచ్చిన లస్కరుని అడక్కుండానే శివారు రైతు తనే వచ్చి షట్టరు లేపుకున్నట్టు, మా నాన్న ఉద్యోగంలో ఇది నేరం, ఒంట్లో మాత్రం మంచిదే. భోజనం అయ్యాక డాక్టర్లు ఓ పావుగంట నడవమనేది ఊరికే కాదు.

ఇందాక వచ్చేటప్పుడు బయట ఒక పెద్దాయన అడిగారు, మాస్టారూ రాత్రి అన్నం మానేసి చపాతీ ఒకటే తిన్నాను, పొద్దున్న చూస్తే షుగర్ నూట అరవై, ఎక్కణ్ణుంచి వచ్చింది అని. మంచి ప్రశ్న. కాలేయం నుంచి వచ్చిందండి. కాలేయంలో సుమారు వంద గ్రాముల పిండి, గ్లైకోజెన్ అంటాం, నిల్వ ఉంటది. కండలన్నిట్లో కలిపి నాలుగొందల గ్రాములు ఉంటది కానీ కండ పిసినారి, దాని గాదెలోది అది తినడానికే, రక్తంలోకి ఒక్క గింజ వదలదు, ఎందుకంటే లాకుకి తాళం తీసే ఎంజైము దాని దగ్గర లేదు. కాలేయం ఒక్కటే ఊరుమ్మడి చెరువు. రాత్రంతా మెదడు తిండి అడుగుతానే ఉంటది కదా, కాలేయం కొద్దికొద్దిగా వదులుతా ఉంటది. ఆపవయ్యా, రక్తంలో చాలినంత ఉంది అని చెప్పాల్సింది ఇన్సులినే. ఆ మాట కూడా కాలేయానికి వినపడకపోతే? వదులుతానే ఉంటది, పైగా కొత్తగా ప్రోటీన్ల ముక్కల్లోంచి గ్లూకోజు తయారుచేసి మరీ వదులుతది. తెల్లారగట్ల కార్టిజాల్ లాంటి హార్మోన్లు కూడా దానికి తోడవుతాయి. అంటే ఆయన రాత్రి తిన్న చపాతీది కాదు తప్పు. అలాగని మాత్ర మానెయ్యమని నేను చెప్పానని ఇంటికెళ్ళి చెప్పకండి, నాకు మీ డాక్టర్లతో గొడవెందుకు.

మరి లెవెలు మరీ పెరిగితే ఎటు పోద్ది? మురుగు కాలవలోకి. మనకి యనమదుర్రు డ్రైను ఎలాగో ఒంటికి కిడ్నీలు అలాగ. రోజుకి నూట ఎనభై గ్రాముల దాకా గ్లూకోజు కిడ్నీ జల్లెడలోంచి కిందకి కారుతది, కారినదాన్ని అంతా అక్కడి తూములు మళ్ళీ లోపలికి ఎత్తిపోస్తాయి, ఒక్క చుక్క వదలవు. రక్తంలో లెవెలు, అంటే షుగర్ టెస్టులో వచ్చే అంకె, నూట ఎనభై దాటితే ఎత్తిపోసే శక్తి చాలక డ్రైనులోకి పొర్లుతది, పూర్వం ఉచ్చ చుట్టూ చీమలు పట్టడం చూసి జబ్బు పట్టేవారు. ఈ మధ్య వచ్చిన కొన్ని మాత్రలు ఆ ఎత్తిపోసే తూమునే మూసేస్తాయి, పోనీ పోనీ అని. ఎంత సులువైన ఆలోచన, ఇన్నాళ్ళు పట్టింది.

ఇక వరి. మీలో చాలామంది రైతులే కాబట్టి ఇక్కడ తప్పు చెప్తే మైకు లాక్కుంటారు. మొక్కకీ ఇదే పాలన. ఆకు మీద కంటికి కనపడని రంధ్రాలుంటాయి, ఒక్కో రంధ్రానికి రెండు కణాలు రెండు పెదాల్లా. పొద్దున్న వెలుతురు తగలగానే ఆ కణాలు పొటాషియం లోపలికి లాక్కుంటాయి, పొటాషియం వెంట నీళ్ళొస్తాయి, ఉబ్బి పెదాలు విడిపోతాయి, గాలి లోపలికెళ్తది. నీళ్ళు తక్కువైతే అబ్‌సిసిక్ యాసిడ్ అనే కబురు వస్తది, పొటాషియం వదిలేసి పెదాలు మూసుకుంటాయి. నీళ్ళు మిగులుతాయి కానీ గాలి ఆగిపోద్ది, గాలి ఆగితే పిండి తయారవదు. అందుకే పొట్ట దశలో వంతు నాలుగు రోజులు తప్పితే తర్వాత ఎంత నీళ్ళు పెట్టినా తాలు తాలే.

యూరియా సంగతి కూడా అంతే. మార్టేరు వరి పరిశోధన కేంద్రం వాళ్ళు ఎన్నాళ్ళ నుంచో దఫాలుగా వెయ్యమంటారు, దమ్ములో కొంత, పిలకలప్పుడు కొంత, అంకురం దశలో కొంత. మనవాళ్ళకి తొందర, బస్తాలు తెచ్చాం కదా అని ఒకేసారి చల్లేస్తారు. యూరియా మట్టిలో అమోనియం అవుద్ది, వేరుకి ఆ అమోనియం తీసుకునే తూములున్నాయి, లోపల నత్రజని చాలినంత నిండగానే మొక్క ఆ తూముల్ని తగ్గించేసుకుంటది, ఇంక చాలు అని. మిగిలిన యూరియా ఏం చేస్తది, కొంత గాల్లోకి, కొంత నీళ్ళతో డ్రైనులోకి. డబ్బు మనది, తూము దానిది.

ఇప్పుడు పులస. (నవ్వులు, చప్పట్లు) తెలుసండి, దీని కోసమే కూర్చున్నారు కొందరు. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు, పుస్తెల సంగతి ఆడవాళ్ళకి వదిలేద్దాం, ఆ చేప చేసే పని చూడండి. సముద్రంలో ఉన్నప్పుడు విలస, ఎర్రనీళ్ళొచ్చాక గోదారికి ఎదురీది వస్తే పులస. చేప రక్తంలో ఉప్పు సముద్రపు ఉప్పులో మూడో వంతు ఉంటది. సముద్రంలో ఉన్నంతకాలం ఒంట్లో నీరు బయటకి లాగేస్తా ఉంటది, కాబట్టి చేప ఉప్పునీళ్ళే తాగుతది, తాగి, ఉప్పుని మొప్పల్లోంచి బయటకి తోసేస్తది. గోదార్లోకి రాగానే లెక్క తిరగబడిపోద్ది. ఇప్పుడు నీరు లోపలికి చొరబడతది, ఒంట్లో ఉప్పు బయటకి జారిపోతది. అప్పుడేం చెయ్యాలి, తాగడం మానాలి, ఉచ్చ ఎక్కువ పోయాలి, మొప్పలతో నదిలో ఉన్న కాస్త ఉప్పునీ ఏరుకోవాలి. అదే మొప్ప, నిన్న ఉప్పు బయటకి తోసింది, ఇవాళ లోపలికి లాగుతోంది. ఇది ఒక్క పూటలో అయ్యే పని కాదు, మొప్పల్లో కణాలు మారాలి, తూములు మారాలి. మోటారు మాత్రం అదే ఉంటది, మూడు సోడియాలని బయటకి తోసి రెండు పొటాషియాలని లోపలికి తెచ్చే పంపు, నీలో నాలో ఉన్నదీ అదే, మనం పడుకుని ఉన్నా ఒంటి ఖర్చులో ఐదో వంతు దాకా దానికే పోద్ది. మోటారు ఉంచి పైపులు విప్పి అటుది ఇటు బిగించుకోవడం అనుకోండి.

రొయ్యల చెరువులవాళ్ళకి ఇది చేతి పని. ఉప్పు తక్కువున్న బోరు నీళ్ళలో వనామీ పెంచేవాళ్ళు పొటాష్ కొడతారు కదా, ఎందుకు? ఆ పంపుకి పొటాషియం లేకపోతే తిరగదు. పిల్ల చర్మం వదిలేటప్పుడు చచ్చిపోతది. మందుల కొట్టువాడు చెప్పాడని కొడతారు, కారణం ఇది.

విరేచనాలప్పుడు తాగించే ఓఆర్ఎస్ గురించి రెండు ముక్కలు చెప్పి ఆపేస్తాను. పేగులో గ్లూకోజుకి ఒక తూముంది, దానికి రెండు తాళాలు, సోడియం గ్లూకోజు రెండూ కలిసి వస్తేనే తెరుచుకుంటది, ఆ రెంటి వెనక నీళ్ళెళ్తాయి. కలరాలో మిగతా దార్లు పాడైనా ఈ తూము పని చేస్తానే ఉంటది. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల క్యాంపులో సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు డ్రమ్ముల్లో పెట్టి తాగించింది ఈ తూముని నమ్ముకునే. లంక గ్రామాల్లో వరదొచ్చినప్పుడు గుర్తుపెట్టుకోండి, లీటరు కాచిన నీళ్ళకి ఆరు టీ చెంచాలు పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి కొలవాలి. పంచదార ఎక్కువేస్తే పిల్లాడికి విరేచనాలు పెరుగుతాయి, తియ్యగా ఉంటే మంచిదనుకోవద్దు.

ఏదైనా అడగాలంటే అడగండి. ఆ, అమ్మా, చెప్పండి.

(ముందు వరసలోంచి ఒకావిడ: మాస్టారండీ, మా అమ్మాయికి రక్తం తక్కువని ఆరు నెలల్నుంచి ఐరన్ మాత్రలు వేస్తున్నాం, పెరగట్లేదండి.)

డాక్టరుగారికే చూపించాలమ్మా, పెరగకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి, అవి నేను తేల్చలేను. కానీ తూము సంగతి చెప్తాను. ఇనుము విషయంలో మన ఒంటికి డ్రైను లేదు. లోపలికొచ్చిన ఇనుముని బయటకి పంపే దారి అంటూ పెట్టలేదు, రక్తం పోతే తప్ప. అందుకే పేగు దగ్గర కాపలా చాలా గట్టిగా ఉంటది, రోజుకి ఒకటి రెండు మిల్లీగ్రాములే రానిస్తది. ఆ కాపలా హెప్సిడిన్ అని కాలేయం పంపే హార్మోను. ఒంట్లో ఇనుము సరిపోయిందంటే హెప్సిడిన్ వచ్చి తూముని పీకేస్తది, పేగు కణంలోకి వచ్చిన ఇనుము అక్కడే ఉండిపోయి ఆ కణంతో పాటే రాలిపోద్ది. చిత్రమేంటంటే ఒంట్లో ఎక్కడైనా వాపో ఇన్‌ఫెక్షనో ఉన్నా హెప్సిడిన్ పెరుగుతది, సూక్ష్మజీవికి ఇనుము దక్కకూడదని ఒళ్ళు ఊరందరికీ తూములు కట్టేస్తది, మాత్ర వేసినా లోపలికి పోదు. ఇంకోటి, ఇవాళ పెద్ద డోసు మాత్ర వేస్తే హెప్సిడిన్ పెరిగి రేపటి మాత్రకి తూము సగం మూసి ఉంటది, అందుకని కొంతమందికి రోజు విడిచి రోజు వెయ్యమంటున్నారు, మీ అమ్మాయికి అది సరిపోద్దో లేదో డాక్టర్నే అడగండి. మాత్ర అన్నంతో కాకుండా నిమ్మరసంతో వేస్తున్నారా?

(ఆవిడ: టీ తాగాక వేస్తుందండి.)

అదీ సంగతి. టీలో టానిన్లు ఇనుముని పేగులోనే పట్టేసుకుంటాయమ్మా, తూము దాకా కూడా రానివ్వవు. కనీసం ఓ గంట రెండు గంటలు ఎడం ఉండాలి.

ఏంటి బాబూ? ఆహా... టీ తెచ్చారంట, చల్లారిపోతోందంట. పొద్దున్న ఐరన్ మాత్ర ఆలస్యంగా వేసుకొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే బిస్కట్ తిని కూర్చోండి, మిగతావాళ్ళు లేవండి.